గాలికి తువ్వాలు పట్టేవాళ్లు

నంద్యాలలో గాలిని తువ్వాలుతో కొలుస్తారు. ఫ్యాను కొనడానికి వచ్చిన మనిషి, అది ఇంట్లోకి ఫ్యానయినా, రైసుమిల్లులో ఊక తోలే బ్లోయరయినా, ముందు స్విచ్చి వేయిస్తాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, గాలి బయటికి కొట్టే మూతి ముందర పట్టుకుంటాడు. తువ్వాలు పటపటలాడి చేతిలోంచి ఊడిపోయేటట్టు ఎగిరితే సరుకు మంచిది. ఊరికే ఊగితే పనికిరాదు. దీనికి అప్పీలు లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఒక్కడంటే ఒక్కడు ఆ తువ్వాలును యంత్రం అవతలి పక్కకు తీసుకుపోయి, గాలి లోపలికి పోయే మూతి దగ్గర పట్టుకున్న పాపాన పోలేదు. ఒకప్పుడు ఇది చూస్తే నవ్వొచ్చేది. మా బావ సంగతి జరిగాక నవ్వు పోయి ఒళ్లుమంట మిగిలింది.

నేను ఇంజనీరును కాను. ఇంటర్‌తో చదువు ఆగింది. మాది పాములపాడు పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. మా బోరుకు మోటారు కొన్నప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితంలో ఒక వంకర గీత ఉండేది. ఎంత ఎత్తుకు ఎన్ని నీళ్లు ఎక్కుతాయో చెప్పే గీత అది. ఇంట్లో అందరూ ఆ కాగితం పారేద్దామన్నారు. నేను దాన్ని వదల్లేదు. ఆ గీత ఎందుకు వంగింది, అక్కడే ఎందుకు వంగింది అని వెంటపడి, దొరికిన పుస్తకమల్లా చదివి, తెలియంది తెలిసినవాళ్లను అడిగి, చివరికి అదే నా బతుకుదెరువయింది. ఇప్పుడు నంద్యాలలో ఉంటూ ఫలానా మిల్లుకు ఎంత మోటారు కావాలి, ఫలానా గొట్టం ఎంత వెడల్పుండాలి అని లెక్క కట్టి చెబుతుంటాను. ప్యాపిలి నుంచి జూపాడు బంగ్లా దాకా పిలుస్తారు. పిలిచినంత గౌరవంగా వినరు, అది వేరే విషయం.

నీళ్ల దగ్గర కూడా ఇదే జబ్బు. బోరు గొట్టంలోంచి నీళ్లు ఎంత దూరం దూకితే మోటారు అంత గొప్పదని రైతు లెక్క. అందుకని గొట్టం చివర సన్నటి ముక్క బిగిస్తాడు. నీళ్లు బాణంలా దూకుతాయి, చూసినవాళ్లు ఆహా అంటారు. దూకడానికి ఖర్చయిన బలం మడికి పారదు. మా నాయన కూడా అట్లాగే బిగించాడు. నేను ఆ ముక్క తీసేస్తే నీళ్లు నీరసంగా గొట్టం అంచు జారి పడ్డాయి. "మోటారు చెడగొట్టినాడు" అని మా నాయన ఊరంతా చెప్పుకొచ్చాడు. కాలువ ముందుకంటే తొందరగా నిండింది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా అక్కను ఆళ్లగడ్డకు ఇచ్చారు. బావ సేద్యగాళ్ల ఇంట్లోనే పుట్టినా చిన్నప్పుడే ఒక శిల్పి దగ్గర కూర్చుని ఉలి పట్టుకున్నాడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన వరసగా రాతిపని షెడ్లున్నాయి కదా, అందులో ఒకటి ఆయనది. ముఖాలు ఆయన చేతిలో బాగా వస్తాయని పేరు. మిగతా విగ్రహం ఎవరు చెక్కినా కళ్లూ ముక్కూ పెదవులూ ఆయనే చెక్కాలని దూరం నుంచి వచ్చి అడుగుతారు.

ఒకరోజు అక్క ఫోను చేసింది.

"రేయ్, మీ బావ దగ్గుతాండాడు. పడుకుంటే ఊపిరాడదని గోడకానుకోని కూర్చుంటాండాడు. ఆస్పత్రికి పోదాం పా అంటే, నేను పోతే రాయి పారిపోతాదంటాడు. నువ్వన్నా వచ్చి ఈడ్సుకోని పో."

ఈడ్చుకునే పోయాను. నంద్యాలలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఉన్నదాన్ని తీసే మందు లేదని, ఇంకా పోకుండా చూసుకోవడం ఒక్కటే దారి అని చెప్పాడు. "ఆ షెడ్డు మానెయ్యండి" అన్నాడు.

"మానేసి ఏం చెయ్యాల సార్?" అన్నాడు బావ. మర్యాదగానే అడిగాడు. డాక్టరు మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చి టీ తాగుతుంటే బావ నావైపు తిరగకుండా మాట్లాడాడు. "బామ్మర్దీ, నాకు సేద్యం రాదు, యాపారం రాదు. ముక్కు చెక్కమంటే చెక్కుతా. మిల్లోళ్లకందరికీ గాలి లెక్కలు కట్టిస్తావు గదా. ఆ దుమ్ము పీకేసే ఉపాయం చూడు. దుమ్ము పోతే నేను ఆడనే ఉంటా. పోకుంటే మీ అక్క పక్కన కూర్చోని బియ్యంలో రాళ్లేరుతా."

"రాళ్లేరేది కూడా నీకు రాదు, నేనే ఏరుకుంటా" అంది అక్క.

అట్లా మొదలయింది. దుమ్ము పోతే బావ శిల్పిగా మిగులుతాడు, పోకపోతే మిగలడు. నేను కట్టిన లెక్కలన్నిటిలోకి ముఖ్యమైన లెక్క ఇదేనని అప్పుడే అనుకున్నాను.

షెడ్డులో ముందు ఇంత దుమ్ము ఉండేది కాదు. ఉలి దెబ్బకు రాయి పెళ్లలుగా రాలుతుంది, కిందపడుతుంది. ఇప్పుడు కోతంతా మిషన్లతో. తిరిగే బిళ్ల తగిలితే రాయి పిండయి లేస్తుంది. పనివాళ్ల కనుబొమలు, చెవుల వెంట్రుకలు, టీ గ్లాసు అంచు అన్నీ ఒకటే తెలుపు. నల్లరాతి దేవుడు కూడా విభూతి పూసుకున్నట్టు తెల్లగా ఉంటాడు. బావ ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. ఆ తువ్వాలు ఆపగలిగిన ధూళి అసలు భయపడాల్సిన ధూళే కాదు. కంటికి కనపడనిదే లోపలికి పోయేది.

నా ఏర్పాటు చాలా మామూలుది. కోత జరిగే చోట రేకుతో ఒక పెద్ద నోరు. దాని వెనక గొట్టం. గొట్టం పోయి గుడ్డ సంచులున్న పెట్టెలో కలుస్తుంది, ధూళి అక్కడ ఆగిపోతుంది. సంచుల తర్వాత బ్లోయరు, అది శుభ్రమైన గాలిని గోడ అవతలికి నెడుతుంది. చిక్కల్లా మోటారు దగ్గర వచ్చింది. ఆ షెడ్డుకున్న కరెంటు లైనుకు మూడు హెచ్‌పీకి మించి మోటారు పెట్టడానికి వీల్లేదు. మిషన్ల దగ్గర నేను కోరిన పీల్చుడుకు అది కొంచెం చాలదు. ఎంత తిప్పి తిప్పి లెక్క కట్టినా ఆ కొంచెం తక్కువ పడుతూనే ఉంది.

ఆ కొంచెం ఎక్కడ పోతోందంటే, బయటికి పోయే గాలి దగ్గర. బ్లోయరు మూతి పన్నెండు అంగుళాల వెడల్పు. అంత సన్నటి దారిలోంచి గాలి ఉరుకుతూ పోతుంది. ఆ ఉరుకు కూడా మోటారు పెట్టిన బలమే కదా. రోడ్డు మీదికి పోయి వృథా అవుతోంది. మూతికి మెల్లగా వెడల్పయ్యే గరాటు బిగిస్తే గాలి అందులో నెమ్మదిస్తుంది. నెమ్మదించేటప్పుడు దాని ఉరుకు ఒత్తిడిగా మారి, ముందున్న బయటిగాలిని అదే నెట్టుకుంటుంది. బ్లోయరు మీద భారం తగ్గుతుంది, వెనక నుంచి ఎక్కువ పీలుస్తుంది. దీన్నే డిఫ్యూజర్ అంటారు. పెద్ద పెద్ద యంత్రాలన్నిటిలో, పంపుల కడుపులో కూడా ఉంటుంది. మనకు బయటికి కనపడదు కాబట్టి గుర్తించం.

నేను మొదట వేసుకున్న గరాటు ఒకటిన్నర అడుగు పొడవు. పన్నెండు అంగుళాల నుంచి ఇరవైనాలుగుకు విప్పాను. ఎంత వెడల్పయితే అంత లాభమని నా లెక్క. గోడకూ ప్రహరీకీ మధ్య అంతకంటే చోటు లేదు కూడా. నాకు పరిచయమున్న మిల్లు యజమాని ఒకాయన, నంద్యాల దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో ఒక మేడమ్ సరిగ్గా ఇదే విషయం మీద పరిశోధన చేస్తున్నారు, పోయి అడగమన్నాడు. పోయాను.

ఆమె నన్ను నా చదువెంతని అడగలేదు. నా లెక్క చూసి, "కాగితం మీద తప్పు లేదండీ. గాలి ఒప్పుకుంటుందో లేదో చూద్దాం" అని లోపలికి తీసుకుపోయారు. బల్ల మీద గాజులాంటి పలకలతో చేసిన గాలి దారి ఉంది. పక్క గోడలను కావలసినంత విప్పవచ్చు, మూయవచ్చు. గోడల లోపలంతా వేలెడు పొడవు ఊలు దారాలు ఒక కొసన అంటించి ఉన్నాయి. నా గరాటు ఎంత వాలుగా విప్పానో అంతే విప్పి ఆమె ఫ్యాను వేశారు. మధ్యలో గాలి ముందుకు పోతోంది. గోడల దగ్గరి దారాలు మాత్రం వెనక్కి తిరిగి వణుకుతున్నాయి. కొన్ని గుండ్రంగా తిరుగుతున్నాయి.

"అంత తొందరగా విప్పితే గాలి గోడను వదిలేస్తుంది. వదిలిన చోట వెనక్కి తిరుగుతుంది. మీరు పెంచిన వెడల్పు ఉన్నట్టే, కానీ గాలి దాన్ని వాడుకోవట్లేదు" అన్నారు ఆమె. తర్వాత గోడలను కొద్ది కొద్దిగా దగ్గరకు తెచ్చారు. ఒక దగ్గరకు వచ్చేసరికి దారాలన్నీ తల దువ్వినట్టు ఒకే దిక్కుకు పడుకున్నాయి. నేను ఎన్నో లెక్కలు కట్టాను గానీ గాలి ఆలోచన మార్చుకోవడం కళ్లతో చూడటం అదే మొదలు.

ఆమె పరిశోధన అంతా చోటు లేని యంత్రాల గురించి. పొట్టి గరాటులో కూడా గాలి గోడను వదలకుండా ఉండాలంటే లోపల చిన్న రెక్కలు ఎక్కడ, ఎంత వాలుగా పెట్టాలి అని ఏళ్ల తరబడి చూస్తున్నారు. నేను నాకూ రెక్కలు పెట్టమన్నాను. "మీకు రెక్కలెందుకండీ? బ్లోయరును ఇంకో గోడకు మార్చుకోండి. చోటు దొరికితే పొడవే మందు" అన్నారు. వచ్చేటప్పుడు ఒక మాట కూడా చెప్పారు: "మీవాళ్లు గాలి రావట్లేదని అంటారు, చూడండి. మా పిల్లలు కూడా మొదటిరోజు అదే అంటారు."

బ్లోయరును పక్క గోడకు మార్చాను. పన్నెండు అంగుళాల నుంచి పదిహేడుకు, మూడడుగుల పొడవున మెల్లగా విచ్చుకునే గరాటు. వైశాల్యం రెట్టింపు, వేగం సగం. ఉరుకులో పోయే బలం నాలుగో వంతుకు దిగుతుంది. రాపిడికి కొంత పోయినా నాకు తక్కువ పడిన ఆ కొంచెం పూడిపోతుంది. నంద్యాలలో బ్లోయరు అమ్మిన దుకాణంలోనే రేకు కొట్టించి బిగించాను. కోత మిషను వేయించి చూస్తే లేచిన పిండి లేచినట్టే రేకు నోట్లోకి పోయింది. నోటి అంచున మేడమ్ దగ్గర నేర్చిన విద్యతో రెండు ఊలు దారాలు అంటించాను. అవి నిలువునా లోపలికి చాచుకుని నిలబడ్డాయి. బావ ముక్కు మీది తువ్వాలు తీసి నిలబడి చూశాడు. "బాగా మింగుతాండాదే" అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో శిరివెళ్ల దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఒక్క సంగతిని నేను పట్టించుకోలేదు. నేను బయలుదేరేముందు పక్క షెడ్డాయన వచ్చాడు. బావ ఈడువాడే, ఇద్దరూ ఒకచోటే పని నేర్చుకున్నవాళ్లు. ఆయన లోపలికి రాలేదు. నేరుగా పక్కగోడ దగ్గరకు పోయి, తువ్వాలు తీసి, గరాటు ముందర పట్టాడు. తువ్వాలు కొద్దిగా ఊగింది.

"ఏందప్పా ఇది? బ్లోయరు పెట్టినారా, ఇసనకర్ర పెట్టినారా?"

అక్కడున్న నలుగురూ నవ్వారు.

"మా ముసిలామె పొయ్యి ఊదితే ఇంతకన్నా ఎక్కువ వస్తాది గాలి" అన్నాడు ఇంకొకాయన.

బావ కూడా నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలు వైపు రెండుసార్లు చూశాడు. ఆ చూపు నేను గమనించాను, లెక్కలోకి మాత్రం తీసుకోలేదు.

తర్వాత కొన్ని నెలలు ప్యాపిలి దగ్గర పప్పుమిల్లు పనిలో పడిపోయాను. ఫోనులో అడిగితే బావ "బ్రమ్మాండంగా ఉండాది" అనేవాడు. ఒక ఆదివారం అక్కే ఫోను చేసి, మళ్లీ గోడకానుకుని కూర్చుంటున్నాడని చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ధూళి ఆగితే దగ్గు ఇంతగా తిరగబెట్టదని నా ఆలోచన. వెంటనే బయలుదేరాను.

ఇంటి ముందర నాలుగు కోళ్లు ఒక రేకు గంప కింద ఉన్నాయి. గంప అంచు పదిహేడు అంగుళాలు.

"అక్కా, ఇదేంది?"

"కోళ్ల గంప. పిల్లి దూరకుండా మంచిగుండాది. పైన బొక్క ఉండాది గదా, గింజలు ఆడనుంచే ఏస్తా."

"గంప కాదే, అది నా గరాటు!"

"అరవాకు, కోళ్లు బెదురుతాయి. మీ బావే తెచ్చి పడేసినాడు. నేనేమన్నా పీకినానా?"

షెడ్డుకు పోయేసరికే పక్కగోడ నుంచి హోరు వినపడుతోంది. గరాటు ఉండాల్సిన చోట పన్నెండు అంగుళాల నుంచి ఎనిమిదికి సన్నబడే ముక్క ఉంది. నేను విప్పిందాన్ని ఇరుకు చేశారు, బోరు గొట్టానికి మా నాయన చేసినట్టే. బావ నన్ను చూడగానే చేయిపట్టుకుని అక్కడికే లాక్కుపోయాడు. మాట మాటకూ దగ్గుతున్నాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"రా బామ్మర్దీ. ఇప్పుడు సూడు గాలంటే!" తువ్వాలు పట్టాడు. అది చేతిలోంచి ఎగిరిపోయి ప్రహరీ మీద పడింది. "నువ్వు పెట్టినప్పుడు సచ్చిన పాము మాదిరి యాలాడ్తాండె."

"ఎవరు మార్చినారు బావా?"

"నేనే మార్పిచ్చినా. ఆ దుకాణం ఆయప్ప మనిషిని పంపిచ్చినాడు. పూట పని."

"ఎందుకు?"

"ఎందుకా? మూడు హెచ్‌పీ మోటారు పెట్టి ఇసనకర్ర గాలి తెప్పిచ్చినాడు మా బామ్మర్ది అని రోడ్డంతా నవ్వుతాండారు. విగ్రహం సూసేకి వచ్చినోళ్లు గూడా, ఇది పనిచేస్తాదా అని అడుగుతాండారు. నాకు మానం ల్యాదా?"

"మానం ఊపిరితిత్తుల్లోకి పోదు బావా. దుమ్ము పోతాది."

"ఇంత గాలి బయటికి పోతాంటే ఇంగ దుమ్ము లోపల యాడుంటాది?"

"నీ దగ్గు యాడుందో ఆడుంటాది!"

పనివాళ్లు మిషన్లు ఆపి చూస్తున్నారు. నేను గట్టిగా అరిచానని అప్పుడు తెలిసింది. బావ ఎదురు అరవబోయి దగ్గుతో వంగిపోయాడు. నాకు జాలి కలగలేదు, కోపం పెరిగింది. ఎవరి మీదో కూడా సరిగ్గా తెలియని కోపం. దుకాణం యజమానికి ఫోను కలిపాను.

"అన్నా, నువ్వు చెప్పేది కరెక్టే కావచ్చు" అన్నాడు ఆయన, తొణక్కుండా. "కస్టమరు గాలి ల్యాదంటే నేనేం చెయ్యాల? గాలి కావాలన్నాడు, ఇచ్చినా."

"ఆ ముక్క బిగించేముందు నీ మనిషి షెడ్డు లోపలికి పోయి సూసినాడా?"

"లోపలికెందుకన్నా? బ్లోయరు బయట గదా ఉండేది."

ఇది విన్నాక ఫోను పెట్టేశాను. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మోసం చేసి ఉంటే ఇంత మండేది కాదేమో. ఆయన మోసం చేయలేదు. ఆ యంత్రం ఎవరికోసం ఉందో, ఏ గదిలో మనిషి ఊపిరి పీలుస్తున్నాడో అటువైపు ఒక్క అడుగు వేసి చూడాలనే ఆలోచనే ఆయనకు రాలేదు. ఆయన మనిషికీ రాలేదు, నవ్విన నలుగురికీ రాలేదు. చివరికి ఎవరి ఊపిరో ఆ మనిషికే రాలేదు. బయట కనపడే గాలికి ఇంత మర్యాద, లోపల జరిగే పనికి ఏమీ లేదు.

లోపలికి పోయి చూస్తే రేకు నోటి దగ్గర నా ఊలు దారాలు వేలాడుతున్నాయి, కొసలు మాత్రం కదులుతున్నాయి. బావకు చూపించాను.

"దారం సంగతి నాకు తెలీదు" అన్నాడు మొండిగా.

"అయితే నీకు తెలిసిందానితోనే చూద్దాం. ఆ అమ్మవారి ముఖం తుడువు."

నోటికి నాలుగడుగుల దూరంలో సగమయిన అమ్మవారు ఉంది. బావ అరచెయ్యి తడిచేసుకుని ముఖమంతా తుడిచాడు. నల్లరాయి నల్లగా మెరిసింది. ఇద్దరం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాం. పనివాడు ముక్కుకు గుడ్డ గట్టిగా కట్టుకుని ఒక పీఠం అంచు కోశాడు. కోత అయ్యాక బావ పోయి అమ్మవారి చెంప మీద వేలు గీశాడు. వేలు పోయినచోట నల్లటి చార, చుట్టూ తెలుపు.

నేను ఇంటికి పోయి కోళ్లను వదిలిపెట్టాను. అక్క తిట్టింది. గరాటు కడిగి తెచ్చి, సన్నటి ముక్క పీకి, దాన్ని మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. బావ మళ్లీ ముఖం తుడిచాడు. పనివాడు పీఠం రెండో అంచు అంతే పొడవు కోశాడు. హోరు లేదు. బయట రేకు మూతి దగ్గర గాలి ఉందా లేదా అన్నట్టుంది. లోపలికి పోయి బావ వేలు గీశాడు. చార పడలేదు. రాయి నల్లగానే ఉంది. ఆయన ఇంకోచోట గీశాడు, కనురెప్ప కింద, ముక్కు పక్కన, ముఖాలు చెక్కేవాడు కాబట్టి ధూళి ఎక్కడ నిలుస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఎక్కడా లేదు.

"ఇన్ని నెలలూ..." అని ఆగిపోయాడు.

డాక్టరు రెండో ఎక్స్‌రేను మొదటిదాని పక్కన పెట్టి చూపించాడు. తెల్లటి చుక్కలు పెరిగాయి. ఇక మిషను పట్టుకోవడం కుదరదన్నాడు, కోత జరిగేటప్పుడు షెడ్డులో ఉండటం కూడా కుదరదన్నాడు. అక్క గట్టిగా అడిగి అడిగి ఒక సడలింపు సంపాదించింది. పొద్దున పనివాళ్లు రాకముందు, బ్లోయరు వేసుకుని, తడిపిన రాయి మీద ఉలితో మాత్రం చెక్కుకోవచ్చు. అంటే ముఖాలు మిగిలాయి. ఒక మనిషి బతుకులో అంత మిగిలినందుకు సంతోషించమని నాతో చాలామంది చెప్పారు. నాకు సంతోషం రాదు. మొదటి రోజు సరిగ్గా నిలబడిన దారాలు నాకు గుర్తున్నాయి. ఆ దారాలు నిలబడి ఉండగానే, బయట ఒక తువ్వాలు ఎగరలేదని వాటిని పడగొట్టారు.

ఇంతటితో అయిపోయిందా అంటే కాలేదు. బావ షెడ్డులో సన్నటి మూతి హోరెత్తిన ఆ నెలల్లో వరసలో మిగతావాళ్లు దాన్ని చూశారు. చూసి ముచ్చటపడ్డారు. "ఆయప్ప షెడ్డులో పెట్టినట్టే పెట్టు" అని అదే దుకాణానికి పోయి చెప్పారు. నేను గమనించేసరికి రోడ్డు పొడుగునా షెడ్డు తర్వాత షెడ్డు నుంచి ఎనిమిది అంగుళాల మూతులు బయటికి పొడుచుకుని హోరెత్తుతున్నాయి. ఒక్కో షెడ్డుకూ పోయి చెప్పాను. "మీ బావ పెట్టుకున్నదే గదప్పా" అన్నారు. బావ అది పీకేశాడని చెబితే, "ఆయనకు దగ్గు గదా, గాలి తట్టుకోల్యాక పీకేసినాడు" అని ఒకాయన నాకే వివరించాడు.

పోయిన నెల నేను ఆళ్లగడ్డలో ఉన్నప్పుడు, మొదటిరోజు విసనకర్ర అన్న ఆ పక్క షెడ్డాయన బావను పిలుచుకుపోవడానికి వచ్చాడు. కొత్తగా బ్లోయరు బిగించాడట. నేనూ వెంట పోయాను. ఆయన మమ్మల్ని నేరుగా గోడ అవతలికి తీసుకుపోయాడు.

"సూడప్పా. నీదానికన్నా గట్టిగా కొడ్తాండాదా ల్యాదా?" తువ్వాలు పట్టాడు. అది జెండాలా లేచింది.

బావ ఆ తువ్వాలును ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. గోడ చుట్టి తిరిగి షెడ్డు లోపలికి పోయాడు. మిషన్లు ఆగి ఉన్నాయి. పీల్చే రేకు నోటి ముందర తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. దండెం మీద ఆరేసినట్టు వేలాడింది.

"అది లోపలప్పా" అన్నాడు పక్కాయన, తెలియనివాడికి చెప్పినట్టు. "గాలి బయట సూడాల."

"స్విచ్చి ఆపు."

"ఎందుకు?"

"ఆపు, చెప్తా."

ఆపాడు. హోరు పడిపోయింది. తువ్వాలు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఏసినా ఇంతే, ఆపినా ఇంతే" అన్నాడు బావ. "నువ్వు కూర్చునేది యాడ? ఈడా, గోడవతలా?"

పక్కాయన తువ్వాలు వైపు చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. బావకు అప్పుడే దగ్గు తెర వచ్చింది. తువ్వాలును రేకు అంచుకు తగిలించి, గోడకు చెయ్యి ఆనించి, దగ్గు ఆగేదాకా నిలబడి, బయటికి నడిచాడు. నేను ఆయన వెనకే పోయాను. రెండు షెడ్ల మధ్య ఉండగా వెనక హోరు మళ్లీ మొదలయింది. కొంచెంసేపటికి ఆగింది. మళ్లీ మొదలయింది.

"సూస్తాండాడు" అన్నాడు బావ, వెనక్కి తిరగకుండానే. "ఈయప్పకు గూడా ఒక కోళ్ల గంప కొట్టించు బామ్మర్దీ. మూడడుగులు."